గొంతు తగ్గిన చోట చుక్క

సభను నడిపిస్తున్న మందుల షాపు పెద్దాయన గారికి, ఆయన పక్కన కూర్చుని, నేనేం వాగుతానో అని అప్పుడే నుదురు రుద్దుకుంటున్న మా పెన్సిల్ మాస్టారికి, ముందు వరసల్లోని పెద్దలకి, వెనక వరసల్లో నాతో పోట్లాడినవాళ్ళకి, ఇంకా పోట్లాడాల్సినవాళ్ళకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

అధ్యక్షులవారు నాకు ఏడు నిమిషాలిచ్చారు. నాకు కోపం రావడానికి అందులో సగం చాలు. మిగతా సగం మాస్టారిది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఈ వీధిలో, సైకిల్ షాపు మీది గదిలో కూర్చుని మన ఆదాయపు పన్ను రిటర్నులు రాసిన మనిషి ఇవాళ కుర్చీ దిగుతున్నారు. ఆయనకి పెన్సిల్ మాస్టారని పేరెందుకొచ్చిందో కొత్తవాళ్ళ కోసం చెబుతాను. ముందు చిత్తు కాగితం మీద అంతా పెన్సిల్‌తో రాస్తారు. కాగితం మన వైపు తిప్పి, "పైకి చదవండి" అంటారు. పేరు దగ్గర్నుంచి చివరి వరస దాకా మనం చదవాలి. చదువురాని కూరగాయల అవ్వకైతే తనే చదివి వినిపించి, ఒక్కో వరసా ఆవిడ నోటితో మళ్ళీ చెప్పించేవారు. చదివేటప్పుడు మన గొంతు ఎక్కడ తగ్గుతుందో అక్కడ ఒక చిన్న చుక్క పెడతారు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి, చుక్క మీద వేలు పెట్టి, "దీనికి బిల్లుందా?" అంటారు. (నవ్వులు) ఇప్పుడు నవ్వినవాళ్ళందరికీ చుక్కలు పడ్డాయన్నమాట! మన బేకరీ అన్నయ్య 'వ్యాపార ప్రయాణం' అన్న మాట దగ్గర దగ్గేశాడు. ఆ దగ్గుకీ చుక్క పెట్టారు. తీరా చూస్తే అది అత్తారింటికెళ్ళిన ప్రయాణం. (నవ్వులు. "ఒరేయ్, దిగు, నీ పని చెబుతా!" అని ఒక గొంతు) కూర్చో అన్నయ్యా, నా చుక్క సంగతీ వస్తోంది.

నేను ఆ సైకిల్ షాపు పక్కనున్న ప్రెస్సులో అచ్చు పని చేసేవాణ్ణి. అచ్చయిన ప్రతి కరపత్రమూ సిరా ఆరకముందే చదివేసేవాణ్ణి. ఇరవై ఒక్కేళ్ళకే నాకు ప్రపంచంలో తెలియని సంగతంటూ లేదు. పెద్దపెద్దవాళ్ళు కోట్లు ఎగ్గొడుతుంటే ఈ ముసలాయన మన వీధివాళ్ళని బిల్లులడిగి వేధించడమేమిటని నా రక్తం మరిగిపోయేది. ఊరుకున్నానా? నేనే ఒక కరపత్రం రాసి, నేనే అచ్చు కొట్టి, ఆయన మెట్ల మీద కూడా అంటించాను. మర్నాడు ఒక కాపీ నాకు తిరిగొచ్చింది. 'ఈయన పేదల పక్షం కాడు' అన్న వాక్యం పక్కన చిన్న చుక్క. కింద, 'దీనికి బిల్లుందా?' (నవ్వులు, చప్పట్లు)

నాకు ఇంకా మండింది. ఆ మంటలో నేను చేసిన పని మీలో చాలామందికి తెలుసు. తెలిసే కదా, 'మాస్టారి తర్వాత వీడి చేతికా మన కాగితాలు?' అని నెల రోజులుగా టీ బడి దగ్గర అనుకుంటున్నారు. వెనకాల అనుకోవడమెందుకు, ఇక్కడే చెప్పేస్తాను.

నన్ను పెంచిన మా పిన్ని రెండో వరసలో ఉంది. కుట్టుపని ఆవిడది. ఏటా మాస్టారి దగ్గరికెళ్ళే పిన్నిని నేనే ఆపాను. "ఆ పెన్సిలాయన దగ్గరికెందుకు, నేను రాస్తాను ఇటివ్వు" అన్నాను. ఇంట్లో పనిచేసుకునేవాళ్ళు పనిచేసే చోటి అద్దెకి మినహాయింపు పొందొచ్చని ఒక కరపత్రంలో చదివాను. పిన్ని ముందుగదిలో బట్ట కత్తిరిస్తుంది, పడకగదిలో కుడుతుంది, వంటింట్లో గుండీలు వేస్తుంది. ఇంకేం, మూడు గదులూ పనిచేసే చోటే అని రాసిపారేశాను! అంతకుముందేడు ఖర్చు కింద చూపించిన కుట్టుమెషిన్‌ని ఆ ఏడు మళ్ళీ చూపించాను. అది దొంగతనమని నాకు తోచలేదు. న్యాయం చేస్తున్నాననుకున్నాను. రిఫండ్ వచ్చిన రోజు వీధి పొడుగునా గొంతు చించుకున్నాను.

మరుసటేడు ఆడిట్ నోటీసు వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని మాస్టారి మెట్లెక్కాను. నా కరపత్రం తాలూకు జిగురు మరకలు మెట్ల మీద ఇంకా ఉన్నాయి. ఆయన నేను రాసిన రిటర్ను నా వైపు తిప్పి, "పైకి చదువు" అన్నారు. చదివాను. అద్దె వరస దగ్గర నా గొంతు నాకే వినబడలేదు.

ఆ రిటర్ను రాసింది ఆయన కాదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిన్ని దారాల బిల్లులు దాచుకున్న బూట్ల అట్టపెట్టె చంకన పెట్టుకుని, పన్నుల ఆఫీసుకి మాతో వచ్చారు. అక్కడి ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు. "ఏమ్మా, మూడు గదులూ కుట్టుపనికేనా?" అనడిగింది. మా పిన్ని, "అయితే నేనూ మా ఆయనా మెట్ల మీద పడుకుంటున్నామా అండీ?" అంది! (పెద్దగా నవ్వులు) నవ్వండి, ఆ రోజు ఆఫీసరమ్మకీ నవ్వాగలేదు. నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు మాస్టారు, "పనికి వాడేది ఒక్క గదేనండీ. తప్పు రాశారు, దిద్దుకుంటారు. కానీ రాయాల్సినవి వదిలేశారు కూడా, చూడండి" అని అట్టపెట్టె తెరిచారు. మోటారు రిపేరు, సూదులు, కత్తెరల సాన, ఆ ఒక్క గది కరెంటు. నిజమైన మినహాయింపులన్నీ అందులోనే ఉన్నాయి. అన్ని కరపత్రాలు చదివిన నేను ఆ పెట్టె మూత తీసి చూడలేదు!

కట్టాల్సింది బాగా తగ్గింది. అయినా జరిమానా తప్పలేదు. పిన్ని ఆ ఏడు కొనుక్కుందామనుకున్న రెండో మెషిన్ కొనుక్కోలేకపోయింది. ఆ తర్వాత నేను గదిలోకొస్తే చాలు, ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుంటుంది. నాలుగేళ్ళుగా అంతే.

ఇప్పుడు నాకు కోపమొచ్చే భాగం. అధ్యక్షా, గడియారం చూడకండి. ఎదురు బిల్డింగ్‌లో కొత్తగా వెలిసిన రిఫండ్ మావయ్య కూడా వచ్చాడు, అదిగో, తలుపు పక్కన. మావయ్యా, నీ బోర్డు బాగుంది. 'అందరికంటే ఎక్కువ రిఫండ్ గ్యారంటీ' అంటున్నావు. కాగితాలు చూడకముందే ఆ గ్యారంటీ ఎలా ఇస్తావు? వచ్చిన రిఫండ్‌లో నీకు వాటా అంటే, అది పెంచాలని నీ చెయ్యి దురద పెట్టదా? నువ్వు రాసిన రిటర్నుల మీద నీ సంతకం ఎందుకుండదు? రేపు నోటీసొస్తే ఆ అట్టపెట్టె చంకన పెట్టుకుని వీళ్ళతో ఎవరొస్తారు? ("శాంతం, శాంతం" అని అధ్యక్షులు) శాంతంగానే అడుగుతున్నానండీ, గొంతే ఇలాంటిది! (నవ్వులు)

ఆ ఆడిట్ తర్వాత మాస్టారి దగ్గరే చేరి పని నేర్చుకున్నాను. పోయిన నెల, రిటర్నులు రాయడానికి కావాల్సిన లైసెన్స్ పరీక్ష పాసయ్యాను. గది తాళం ఇమ్మని మాస్టారినడిగాను. ఇవ్వలేదు. నిన్న తన సొంత కాగితాలు నా ముందు పడేసి, "నాది నువ్వు రాయి" అన్నారు. పెన్సిల్‌తో రాశాను. కాగితం ఆయన వైపు తిప్పి, "పైకి చదవండి" అన్నాను. చదువుతూ చదువుతూ, ఒక విరాళం దగ్గర మా మాస్టారి గొంతు, మీరు నమ్మండి, తగ్గింది! చుక్క పెట్టాను. "దీనికి బిల్లుందా?" అన్నాను. లేదన్నారు. కొట్టేశాను. నన్ను పరీక్షించారో, నిజంగానే రసీదు పోగొట్టుకున్నారో ఇప్పటికీ చెప్పడం లేదు, చూడండి ఎలా నవ్వుతున్నారో. (చప్పట్లు) తాళం తీసి బల్ల మీద పెట్టి, "గది నీకిస్తున్నాను. మనుషుల్ని నేనివ్వలేను, నువ్వే అడుక్కో" అన్నారు.

అందుకే అడుగుతున్నాను. రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి తలుపు తీసుంటుంది. బిల్లులు తెచ్చుకోండి, పైకి చదవడానికి గొంతు తెచ్చుకోండి. మీ గొంతు తగ్గితే చుక్క పెడతాను. నా గొంతు తగ్గితే మీరు పెట్టండి. పిన్నీ, అందరికంటే ముందు నిన్నడుగుతున్నాను. కాదన్నా కోపం లేదు.

(రెండో వరసలో వక్త పిన్ని లేచి నిలబడింది. చేతిసంచిలోంచి బూట్ల అట్టపెట్టె తీసి పైకెత్తి, "వస్తాన్లే గానీ, ఈసారి గదులు సరిగ్గా లెక్కపెట్టుకో!" అంది. నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

లెక్కపెడతాను పిన్నీ. అధ్యక్షా, మీ ఏడు నిమిషాలు ఎప్పుడో దాటించాను, భరించినందుకు ధన్యవాదాలు. మాస్టారూ, మీ పెన్సిల్ మాత్రం నాకిచ్చి వెళ్ళండి. సెలవు.