తక్కువమంది ఉన్న బజారు

మేడ్చల్‌లోని ఆ ఇంట్లో భోజనాల దగ్గర మల్లేశానికీ కూతురు సహస్రకూ పెరుగు మీది మీగడ కోసం కయ్యం.

"మీగడ నాది. నౌకరి ఇడిసి కంప్యూటర్ గేమ్ జేస్తనన్నోళ్లకు సల్ల చాలు."

"గట్లనా బాపు!"

"ఆ గేమన్న అందరి కంప్యూటర్లల్ల ఉండే విండోస్‌ల పెట్టరాదు? నీ లైనక్స్ కంప్యూటర్లు వాడెటోళ్లు ఎంతమందే?"

"తక్కువే. గని వాళ్లకొచ్చే గేములు గూడ తక్కువనే. మంచిదొస్తే ఎతికి మరీ కొంటరు. విండోస్‌ల దినాం మస్తు గేములొస్తయి, నాది ఎవ్వలకు కండ్లవడది."

మల్లేశం చేతిలో ముద్ద ఆగింది. తుర్కపల్లిలో ఒక్క మందుల పరిశోధన ల్యాబే ఉన్నప్పుడు తాను టిఫిన్ బండి పెడితే అందరూ నవ్వారు. అక్కడ తినడానికి మరో చోటు లేదని గమనించింది తనొక్కడే.

"నన్ను మించినవు బిడ్డా."

మీగడ గిన్నె కూతురి వైపు జరిపి, భార్యతో అన్నాడు:

"సుశీలా, ఏడాదిదాక దీన్ని నౌకరి ముచ్చట అడగకు. గేమే జేస్తది."