ముసలమ్మకి మకాం మార్పు

నా పెద్ద భయం ఒక్కటే. పొయ్యిలో కట్టెల్లా కాల్చుకోడానికని బురదనేల పెళ్ళలు కోసిన చోట నీళ్ళు నిలిచి మా ఇంటి వెనక మడుగైంది. నా ఐదేళ్ళ కూతురు ఊనా అందులో పడిపోతుందని. ఈ సాయంత్రం దాన్ని చంకనేసుకుని వెళ్ళి పక్కింటి ఫెస్టీ తాతని నిలదీశాను.

“మళ్ళీ చెప్పు తాతా. మడుగులో ముసలమ్మ పిల్లల్ని ఏం చేస్తుందన్నావు దీనితో?”

“ఏం చేస్తుంది? వెన్న రాసిన రొట్టె తెచ్చిన పిల్లలకి జుట్టు దువ్వుతుంది. ఉన్నమాటేగా.”

“దువ్వుతుందా! కాళ్ళు పట్టి లోపలికి లాగేస్తుంది కదా?”

“ఎవరా అబద్ధం చెప్పింది?”

“నేనే! అసలు ముసలమ్మని పుట్టించిందే నేను. పోయిన ఈస్టరుకి. ఇది అటు పోకూడదని.”

“నువ్వా? బడి మానేసి బంగాళాదుంపలు తవ్విన దానివి, ఇంత కథ కట్టావా డెలియా? మా అవ్వ ఆమెని కళ్ళారా చూసిందమ్మాయ్. చెప్పుల్లేకుండా.”

“ఆ మడుక్కి మొన్నటిదాకా పేరైనా లేదు!”

“లేకపోవడమేం? ముసలమ్మ మడుగు. పోస్టుమానూ అదే అంటాడు. ఊళ్ళ పటాలు గీసే ఆఫీసరొస్తే దగ్గరుండి ఆ పేరు పటంలో రాయించాను కూడా.”

“రాయించావా! తాతా, ఇవాళ ఇది రొట్టెముక్క పట్టుకుని మడుగు అంచున కూచునుంది. ఇంకొక్క జానెడు జరిగితే... నా ప్రాణం పోయినంత పనైంది.”

“వెన్న రాసిందా?”

“తాతా!”

“సరే, సరే. అరవకు.”

“కథ మార్చు. లాగేస్తుందని చెప్పు. నా మాట నమ్మదు, నీదైతే నమ్ముతుంది.”

“మంచిమనిషిని పట్టుకుని పిల్లల్ని మింగేదని ఎలా అంటానే? నేను ఊళ్ళో తలెత్తుకోవద్దూ?”

“పోనీ మకాం మార్చు. మీ పెరట్లో బండరాయి ఉందిగా, అక్కడికి వచ్చేసిందను. పక్క ఊరివాళ్ళు మన రాక్షసుడి అడుగుజాడ కథని ఎత్తుకుపోయి వాళ్ళ కొండకి తగిలించుకోలేదూ?”

“వాళ్ళు దొంగలు. కానీ... బండ మంచిదే. రొట్టె తడవదు. నేనూ ఓ కన్నేసి ఉంచుతాను.”

“రొట్టె మీదా?”

“పిల్ల మీద!”

“అయితే దీనికి ఇప్పుడే చెప్పు.”

“ఆగు, ఆగు. ముందు ఆమెకి చెప్పొద్దూ?”

“ఎవరికి?”

“ముసలమ్మకి. మాటామంతీ లేకుండా ఇల్లు ఖాళీ చేయిస్తామా? మనమేమన్నా జమీందార్లమా? మా తాతని అలాగే చలిలో రోడ్డుమీద పడేశారు. నా టోపీ ఏదీ?”

“అక్కడెవరూ లేరు తాతా! నేను కల్పించానని చెప్తుంటే...”

“అందుకే నువ్వు రాకు. నీ మీద ఆమెకి పీకల్దాకా కోపం ఉంటుంది.”

తాత ఒక్కడే వెళ్ళాడు. మడుగు వైపు నుంచి మాత్రం రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకటి బతిమాలుతోంది, రెండోది రానంటోంది. ఊనాని వదిలి నేను కదల్లేను. మీకు అటుగా వెళ్ళే పనుంటే, దయచేసి ఫెస్టీ తాతని ఒకసారి చూసి రండి.