నల్ల గీత దిగినాక

హలో… ఆ, నేనే. ఆత్మకూరు నించి హెన్రీని.

కృపారాణి టీచరేనా? … మంచిది. అంగడామె మిమ్మల్ని పిలవడానికి పోయినాక, లైను తెగిపోతుందేమోనని రిసీవరు పట్టుకోని అట్టనే కూర్చున్నా.

పొద్దున పదకొండు గంటలకి సీతారామపురం నించి జీపు వచ్చింది, టీచరమ్మా. నిన్న మీ బడికి ఇచ్చిన కంప్యూటరు నా బల్ల మీద దించిపోయినారు. పైన చీటీ అంటించి ఉండాది. ‘పనిచేయడం లేదు’ అని.

… లేదు లేదు, తిట్టడానికి కాదు. విప్పి చూసినా. బాగానే ఉండాది. అందుకే ఫోన్ చేసినా.

… నా గొంతా? నేను పంపే పాఠాల క్యాసెట్‌లో ఇట్టనే ఉంటుందా? … ఎదురుగా మనిషి ఉంటే మారుద్దేమో. తెలీదు.

సరే, నిన్న ఏం జరిగిందో వరసగా చెప్పండి. స్విచ్చి వేసినారు. … లైటు వెలిగింది. … తెర మీద అక్షరాలు వచ్చినాయి. … అవన్నీ సరే. మరి రానిది ఏంది?

… గీతా?

ఏం గీత?

… నల్లది. పైనించి కిందికి దిగేది…

ఉండండి, ఉండండి. పిల్లోళ్లు నిన్న ఏం చేసినారు? … మీటల మీద చేతులు పెట్టుకోని… చూస్తా కూర్చున్నారు. … ఒక్కరు కూడా నొక్కలా. … గీత దిగినాకే నొక్కాలని ఎవరు చెప్పినారు? … మీరే.

… తొంభై అయిదు నించీనా? మొదటి క్యాసెట్ పంపినప్పటి నించీ? … అట్ట మీద మీటలు గీసుకోని, టీవీ చూస్తా… గీత దిగినాక ఒక మీట, మళ్లీ దిగినాక ఇంకో మీట. … కంప్యూటరు తెచ్చిన ఆఫీసరు నిలబడి చూస్తానే ఉన్నాడా? … చూసి, చీటీ రాసినాడు. … అర్థమైంది.

ఆ గీత కంప్యూటరుది కాదమ్మా.

కాదు. కెమెరాది. పెండ్లిళ్లకి తీసే వీడియో కెమెరాని కంప్యూటరు ముందర స్టాండు మీద పెట్టి తీసినా. తెర ఒక వేగంతో వెలుగుతుంది, కెమెరా ఇంకో వేగంతో చూస్తుంది. రెండూ కలవవు. కలవని చోట నల్లగా పడుద్ది. అంతే.

… ఊపిరా? … కంప్యూటరు ఊపిరి తీసుకుంటుందని అన్నదా? ఎవరు, షైనీనా? … ఎన్నో తరగతి?

నేను చెప్పి ఉండాల. ఒక్క క్యాసెట్‌లో కూడా చెప్పలా. చూసి చూసి ఆ గీత నాకు కనపడడమే మానేసింది.

… ఏడవబాకండి. అంగడికాడ మనుషులుంటారు.

వినండి. ఆఫీసరు భోజనానికి పోయినాడు, వచ్చేస్తాడు. బాగుండాదని రాస్తే చాలదు. ‘మిషను బాగుంటే ఆ బడికి చేతకాలేదని లెక్క, నెల్లూరు తీసకపోయి ఇంకో బడికిస్తా’ అని చెప్పిపోయినాడు. కారణం రాయాల. … ఇప్పుడే రాస్తా ఉండా. చదువుతా, వినండి.

‘యంత్రంలో లోపం లేదు. లోపం పాఠాల క్యాసెట్లలో ఉన్నది. పిల్లలు క్యాసెట్‌లో చూసినట్టే చేసినారు. కంప్యూటరును అదే బడికి తిరిగి ఇవ్వవలసినది.’ కింద నా సంతకం.

… తెలుసు. క్యాసెట్లు ఆపేస్తారు. మీ ఒక్క బడికే కాదు, అన్ని బళ్లకీ. … వద్దు, మీ మీద వేసుకోబాకండి. టీవీలో చూపించిందే మీరు నేర్పినారు.

… నాకేంది. కిటికీలు మూసుకోని, ఫ్యాను ఆపుకోని, కెమెరాతో మాట్లాడే పని ఉండదు. ఇంట్లో ఎవరూ లేరనే గదా ఈ పాఠాల పని నాకిచ్చినారు. శబ్దం పడదని. … ఆ, ఆ మొరిగే కుక్క పక్కింటిది. మూడో క్యాసెట్‌లో. … దానికి పేరు కూడా పెట్టినారా?

ఒకటి అడుగుతా, టీచరమ్మా. పాఠం మధ్యలో ‘అర్థమైందా?’ అని కాసేపు ఊరుకుంటాను గదా. అప్పుడు… పిల్లోళ్లు ఏమన్నా అంటారా?

… అందరూనా?

… ‘అయింది సార్’ అని. టీవీకి.

… లేదు, ఉండా. వింటా ఉండా.

… షైనీ ఇంకోటి అడుగుద్దా? ఎప్పుడు? … చివర్లో, నేను కెమెరా ఆపడానికి లేస్తే నా చొక్కా కనపడుద్ది, అప్పుడా? … ఏమని?

…

తిన్నానని చెప్పండి.

… లేదు, ఇవాళ ఇంకా తినలా. తింటా. … జీపు వచ్చినట్టుండాది. పెట్టబాకండి.

రండి సార్. … ఇదిగోండి, రాసినా. … అవును సార్, క్యాసెట్లలోనే. … నేనే సార్ తీసింది. … బీరువాలో ఉండాయి. అన్నీ తీసకపోండి. … శీనయ్యా, కంప్యూటరు కింద గోనె వెయ్యి. తెర నీ వైపు తిప్పి పెట్టుకో, గుంతల రోడ్డు.

… టీచరమ్మా, ఉండారా? … చదివినాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. … ఎటు తీసకపోతాడో చెప్పలా. … అడిగినా. జీపెక్కినాడు. క్యాసెట్ల పెట్టె కూడా ఎక్కించినారు.

… కిటికీలోంచి కనపడుద్ది, బస్టాండు మలుపు దాకా. కుడికి తిరిగితే నెల్లూరు. ఎడమకి తిరిగితే మీ వైపు. … కదిలింది. … ఆగినాడు. గొర్రెలు అడ్డం వచ్చినాయి. … ఇంకా అక్కడే. … పోతా ఉండాయి. …

ఉదయగిరి రోడ్డు పట్టినాడు.

… ఆ, చూసినా. ఎడమకే.

పెట్టేస్తా.