బిరడా దిగిన చప్పుడు

అప్పట్లో ఏలూరు లాకుల దగ్గర రామకోటి టీ బడ్డీ ఉండేది. కొల్లేటి వైపు ఊళ్ళకి వెళ్ళాలంటే పడవే గానీ ఇంకో దారి లేని రోజులవి. లాకు తలుపులు తీసేదాకా తాడేపల్లిగూడెం నించి వచ్చిన పడవలూ, కొల్లేట్లోంచి వచ్చిన పడవలూ అన్నీ ఒకచోటే ఆగిపోయేవి, జనం దిగి ఆ బడ్డీ ముందు కూలబడేవాళ్ళు. కూలబడ్డాక విశ్వాసం కోతలు వినకుండా లేచినవాడంటూ లేడు.

విశ్వాసం పేట మనిషి. బర్మాలో చమురు బావుల దగ్గర చాన్నాళ్ళు పనిచేసి వచ్చాడు. అక్కణ్ణించి తెచ్చుకున్న ఎనామిలు మగ్గొకటి ఎప్పుడూ చేతిలోనే ఉండేది. "రంగూను మగ్గుకి అలవాటుపడ్డ నోరండీ ఇది, గ్లాసులో పోస్తే దిగదు," అనేవాడు. ఆ బావుల ఇంజన్ల రొదకి అతని చెవులు రెండూ మొద్దుబారిపోయాయి. ఆ సంగతి మాత్రం పైకి రానిచ్చేవాడు కాదు. ఎవరన్నా అడిగింది వినపడకపోతే, అడిగి ఉంటారనుకున్నదానికి జవాబు చెప్పేసేవాడు.

నాంచారమ్మ చేపలు అమ్ముకుని, ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని, అతని వెనకాలే గట్టు మీద కూచునేది. ఆవిడకి కోతల మీద మోజేం లేదు. ఆవిడ కొడుకు పెద్దిరాజు విశ్వాసంతోనే కాకినాడలో ఓడెక్కి బర్మా వెళ్ళాడు. విశ్వాసం తిరిగొచ్చాడు. పెద్దిరాజు జొరం తగిలి అక్కడే పోయాడు. వాడెలా పోయాడో వచ్చిన రోజునే గుమ్మంలో నిలబడి చెప్పాడు విశ్వాసం, ఆ ఒక్కసారే. వాడెలా బతికాడో మాత్రం చెప్పలేదు. అక్కడేం పని చేశాడు, ఎవరన్నా వాణ్ణి శభాష్ అన్నారా, అదీ ఆవిడకి కావలసింది. ఎప్పటికన్నా ఒక్క ముక్క జారకపోతుందా అని పొద్దు వాలినా కదిలేది కాదు. ఆ పేరొచ్చే చోటల్లా విశ్వాసం బురదగుంట దాటినట్టు ఓ అంగ వేసి దాటేసేవాడు.

ఆ పూట గూడెం రైసుమిల్లు గుమాస్తా చలపతిరావు గారు కొత్తగా చిక్కారు.

"చమురు బావిలోకి సిమెంటెందుకయ్యా? చమురు తోడుకోక?" అన్నారాయన, కాస్త గట్టిగానే.

"అలా అడగండి, చెబుతాను," అని విశ్వాసం కాళ్ళు ముడుచుకున్నాడు. "ముందు భూమికి బొక్క పెడతారండీ, అందులోకి ఇనప గొట్టం దింపుతారు. గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఉంటుంది కదా, పైపొరల్లో నీళ్ళు ఆ సందులోంచి కిందకి దిగాయంటే చమురంతా పాడు. అందుకని గొట్టం లోపల్నించి సిమెంటు పంపిస్తే, అది అడుక్కి వెళ్ళి, బయటికి పొర్లి, ఆ సందులో పైకెక్కి గడ్డ కడుతుందండీ. చెప్పడానికి ఇంతే. ఆ సామాను ఎంచడంలో ఉంది చూశారూ, దొరలకే చెమటలు పట్టేవి."

"నువ్వెంచావా?"

"నేనుండగా ఇంకెవరండీ. దొర పెట్టెలకి పెట్టెలు సామాను దింపించి, తల పట్టుకుని కూచున్నాడు. 'విశ్వాసం, నువ్వు చెయ్యేస్తే గానీ తెగేట్టు లేదు' అన్నాడు. గొట్టం అడుగున బూటు ఒకటి తొడుగుతారండీ, పోత ఇనుముది. సంతలో కుండ కొన్నట్టు వేలితో కొట్టి చూశాను. ఒకటి బొంగురుగా పలికింది, పక్కన పడేశాను. ఇంకోటి గుడిగంటలా పలికింది, ఇది తొడగండన్నాను. అందులో వాల్వు ఉంటుంది. మన కొల్లేట్లో చేపలు పట్టే మావు లేదూ, చేప లోపలికి వెళ్ళిందంటే మళ్ళీ ఇవతలికి రాలేదు? ఇదీ అంతే, కిందకి పోయిన సిమెంటు వెనక్కి తన్నకుండా. ఇంక గొట్టం ఓ పక్కకి వాలకుండా చుట్టూ బుట్టల్లాగా ఉబ్బిన ఇనప బద్దలు. అవన్నీ వంచి చూశాను. వంగినవాటిని ఉంచాను, విరిగినవాటిని..."

"విరిగాయా? ఇనప బద్దలే?" అన్నాడు రామకోటి.

"మరి చెయ్యి ఎవరిదనుకున్నావు."

రామకోటి టీ పోస్తానన్నాడు. విశ్వాసానికి వినపడలేదు. మళ్ళీ అన్నాడు, లాభం లేకపోయింది. ఆఖరికి ఒంగి మగ్గు మీద గరిటెతో కొడితే అప్పుడు చాచాడు.

"ఇహ బిరడాలు. అవి రెండండీ. ముందు పోయేదానికి నడిమిన పల్చటి పొర ఉంటుంది. అది లోపలున్న బురదని నెట్టుకుంటూ వెళ్ళి అడుగున కూచుంటుంది, ఆ పొర చిరిగి సిమెంటు బయటికి పోతుంది. సిమెంటు వెనకాల రెండో బిరడా, అది గట్టిది, దానికి పొరా లేదు గిరా లేదు. రెండూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. తారుమారైందా, సిమెంటు గొట్టంలోనే గడ్డ కట్టి బావికి బావే గోవిందా. దొర రెండూ అటూ ఇటూ తిప్పుతూ బిక్కమొహం వేశాడండీ. నేను కొరికి చెప్పాను."

"కొరికి?"

"రబ్బరే కదండీ. ముందుదేదో, వెనకదేదో పంటికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? పంపు నడుస్తుండగా అడుగున గ్యాసు లేచింది. పంపుకాడి మనిషి పారిపోయాడు, వాడి వెనకాల దొర, దొర వెనకాల దొర కుక్క. నేనొక్కణ్ణే. పంపు ఆగిపోతే గొట్టానికి నోరు ఆనించి ఊదాను. ఊదితే, సిమెంటు అడుక్కి వెళ్ళి, సందులో పైకెక్కి, ఇంకా ఊపు చావక సముద్రం అడుగునించి ఇటు పాక్కుంటూ వచ్చేసింది. ఇదిగో, కొల్లేట్లో మీ గెడలకి గట్టిగా తగుల్తుందే, అదేవిటనుకుంటున్నారు?"

"అది మా మావయ్య ముంచేసిన పడవ కాదూ," అన్నాడు ఓ పడవవాడు. అందరూ నవ్వారు. అందరూ నవ్వారు గనక విశ్వాసమూ నవ్వాడు, అదేం మాటో అడగలేదు.

"అసలు పని ఇంకా చెప్పలేదు," అన్నాడు. "రెండో బిరడా వెళ్ళి మొదటిదాని మీద కూచున్న క్షణాన పంపు ఆపాలండీ. ముందే ఆపితే సిమెంటు లోపలే ఉండిపోతుంది, ఆలస్యమైతే గొట్టం పగుల్తుంది. పంపు మీద అది చెప్పే ముల్లు ఒకటుంటుంది, గడియారానికి ఉన్నట్టు. ఆ రోజు ముల్లు విరిగింది. మరెలా తెలుస్తుంది? గొట్టానికి చెవి ఆనించానండీ."

నాంచారమ్మ తట్ట మీద చెయ్యి ఆగింది.

చెవి ఆనించడమనేది కొల్లేటివాళ్ళ పని. పడవాపి, గెడ నీళ్ళల్లోకి గుచ్చి, దాని కొసకి చెవి పెట్టి వింటారు, కింద కొర్రమీను కదిలితే కర్రలోంచి తెలుస్తుంది. అందరికీ పట్టుబడదు. పెద్దిరాజుకి ఊహ తెలిసినప్పటి నించీ వచ్చు. వాడు విని "అదిగో" అన్నచోట వల వేస్తే ఖాళీగా లేచేది కాదు. పేటలో పుట్టి పొలం పనులు చేసినవాడు విశ్వాసం, అతనికి గెడ పట్టుకోవడమే రాదు.

"బిరడా దిగుతోందండీ," అంటున్నాడు విశ్వాసం, కళ్ళు మూసుకుని. "గరగరా. ఇసక పొర దాటింది, విన్నాను. రాతి పొర దాటింది, విన్నాను. దాని కింద సముద్రం, అందులో ఎండ్రకాయలు తగువులాడుకుంటున్నాయి, ఏవిటా తగువని అదీ విన్నాను. ఇంకాస్త చెవి ఒత్తితే తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు కూత పెట్టింది. ఆ వెనకాల సన్నగా సొయ్య్‌మని, రామకోటి టీ వడకడుతున్నాడు."

"విశ్వాసం, నీ మగ్గులో ఈగ పడింది," అంది నాంచారమ్మ వెనకనించి, మామూలు గొంతుతో.

"టీలో పంచదార తక్కువైందని కూడా తెలిసిందండీ చప్పుణ్ణిబట్టి."

"విశ్వాసం, నీ మగ్గులో ఈగ."

అతను మగ్గెత్తి గుటకేశాడు. చలపతిరావు గారు మొహం తిప్పుకున్నారు. ముందుగా నవ్వాపుకోలేక బయటపడ్డవాడు రామకోటి. "వెనకాల కూచున్న అత్త పిలుపు వినపడలేదు గానీ, సముద్రం అవతల నించి నా టీ గుడ్డ వినపడిందంటండీ," అని గల్లాపెట్టె మీద వాలిపోయి నవ్వాడు. నవ్వు పడవల దాకా పాకింది. విశ్వాసం అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు, దేనికో తెలియక.

నాంచారమ్మ లేచొచ్చి అతని ఎదురుగా గొంతుక్కూచుంది. చెవి దగ్గరికి ఒంగి, ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది.

"ఈగ లేదు. నీకు చెవులూ లేవు. గొట్టానికి ఆనించిన ఆ చెవి మా పెద్దిరాజుది."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. విశ్వాసం మగ్గు అడుగున మిగిలిన టీ వంక చూశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చలపతిరావు గారు వెళ్ళొస్తానని లేవబోయారు, ఎందుకో మళ్ళీ కూచున్నారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అత్తా," అన్నాడు విశ్వాసం. ఎన్నడూ ఆవిడ వైపు తిరిగి కథ చెప్పినవాడు కాదు. "దొర ఉన్న ఇంజన్లన్నీ ఆపించాడు. పంపొక్కటే, మెల్లిగా. అందర్నీ నోరు ముయ్యమన్నాడు, కుక్క నోరు కూడా పట్టుకున్నారు. 'రాజూ' అని పిలిచాడు. వాడు చొక్కా విప్పి, ఆ గొట్టాన్ని ఇలా కావలించుకుని చెవి పెట్టాడు. వాడు చెయ్యి ఎత్తి ఉంచాడు. ఇంకా లేదన్నాడు. ఇంకా లేదన్నాడు. దొరకి చెమటలు కారుతున్నాయి. వాడు నవ్వుతున్నాడు అత్తా, చేప ఎక్కడుందో తెలిసినవాడిలా. చెయ్యి దించాడు. పంపు ఆపారు. సరిగ్గా కూచుంది."

"దొర ఏవన్నాడు?"

అతను ఆవిడ పెదాల వంక చూస్తూ విన్నాడు. "ఏవంటాడు. టోపీ తీసి వాడి నెత్తిన పెట్టాడు. అందరం చూశాం. ఆ తర్వాత ఏ బావి దగ్గరైనా ముల్లు మొరాయించిందంటే వాడి కోసమే కబురొచ్చేది."

నాంచారమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాకు తలుపులు తెరుచుకున్నాయి. పడవవాళ్ళు కేకలు వేస్తున్నారు గానీ బడ్డీ ముందు ఒక్కడూ కదల్లేదు.

"మరి గూడెం రైలు?" అంది ఆఖరికి. "అదీ వాడికి వినపడిందా?"

"లేదత్తా," అన్నాడు విశ్వాసం. "వాడు ఉన్నదే చెప్పేవాడు. రైలు నాకే వినపడింది."

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. నెత్తికెత్తుకోబోయిన తట్ట కింద పెట్టేసి, అతని మగ్గు తీసి రామకోటికి అందించింది నింపమని.

"రాజూ అని పిలిచాడన్నావే," అంది, ఈసారి గట్టిగా, లాకుల అవతలికి వినపడేలా. "అక్కణ్ణించి మళ్ళీ చెప్పు."