పిచ్చమ్మ వదినతోటి రంగి కొట్లాట

రంగి ఎవలంటవా బిడ్డా? కూసో, చెప్త. గీ సూర్యాపేటలనే, మా అన్న ఇంటికి ఎదురిల్లు. మా వదిన పిచ్చమ్మకు, ఆమెకు మోరికాడ పంచాయితి. వదిన నీళ్లు వారబోస్తే ఆమె వాకిట్లకు పోయేటియి. ఇగ సూడు, పొద్దుగాల లేస్తే తిట్టుకునుడే. మా అన్ననా? ఆయన నోట్ల నాలుకలేని మనిషి.

పంతొమ్మిదొందల ఎనభై ఆరో, ఏడో, వదినకు కడుపుల కేన్సరని తేలింది. పట్నం దవాఖానల 'ఇంటికి తీస్కపోండ్రి, తినబుద్ధయింది పెట్టుండ్రి' అన్నరు. ఆమెకు చెప్పలే మేము. ఇంట్ల అంత గుసగుసలే. నొస్తున్నదని ఆమె అనకముందే 'తగ్గుతది తియ్' అందుము. వచ్చినోళ్లు నోట్ల కొంగు కుక్కుకునుడు. వదిన గోడదిక్కు తిరిగి పండుకున్నది. గంజి సుత ముట్టలే.

ఓనాడు రంగి గడపల నిలవడ్డది. 'ఏమే పిచ్చమ్మా! మంచమెక్కితే మోరి తీసుడు తప్పుతదనుకున్నవా?' మా అన్న ఎల్లగొడదామని లేసిండు. వదిన ఇటు తిరిగింది. 'నీ వాకిలి ఎన్నడు సక్కగున్నదే, నా నీళ్లొచ్చి ఖరాబు చేయనీకి?' గొంతు పీలగొచ్చింది గని, వచ్చింది! ఇగ అందుకున్నరు ఇద్దరు. కొట్లాట అయినంక గంజి తాగింది.

గా దినం సంది రంగి రోజొచ్చేది. నోటితోటి తిట్టుకుంటనే పక్కకు ఒత్తిగిలిచ్చేది, ఒళ్లు తుడిసేది, వీపు పుండ్లకు మందు రాసేది. మా ఆడోళ్లు ముట్టుకుంటే సిగ్గువడే వదిన, ఆమెకు ఒళ్లప్పజెప్పింది. 'యాడ నొస్తున్నదే?' అని రంగొక్కతే అడిగింది. చెయ్యి పెట్టి సూపిచ్చింది వదిన.

ఓనాడు అడిగింది గద, 'రంగీ, నేను బతుకుతనా?' రంగి తుడుసుడు ఆపలే. 'బతుకవు. ఏం గావాల్నో చెప్పు.' వదిన పెద్దగ ఊపిరి ఇడిసింది, బరువు దించినట్టు. మిర్యాలగూడల ఉన్న చెల్లెను పిలిపియ్యమన్నది, చేపల పులుసు తింటనన్నది. చెల్లె వచ్చింది. వదిన రెండే బుక్కలు తిన్నది గని, ఏం మురిసిందనుకున్నవ్! తెల్లారి రంగి చెయ్యి పట్టుకోనే కన్ను మూసింది.

రంగి ఏడ్సిన ఏడుపు మా ఇంటోళ్లెవ్వలు ఏడ్వలే. దినాలనాడు మా అన్న ఆమెను ఇంటోళ్ల బంతిల కూసోబెట్టిండు. తిన్నది, చెయ్యి కడుక్కున్నది. 'కూరల ఉప్పు జాస్తయింది' అన్నది మొకం ముడుసుకోని. అందరం నవ్వినం బిడ్డా. నవ్వి, వదిన పండుకున్న లోపలి అర్రదిక్కు సూసినం, జవాబు వస్తదేమోనని.

...ఆఁ? ఏం లేదు. చాయ్ పెడ్తనంటివి గద, పొయ్యి ముట్టియ్యిపో.