నూట నలభయ్యో పేజీలో దర్జీలు

కుట్టుమిషను పక్కన చరిత్ర మాస్టారు బనీనుతో కూర్చున్నారు. గంటలో ఆయన పుస్తకం ఆవిష్కరణ. భుజం దగ్గర చిరిగిన కోటు మరదలి ఒళ్ళో ఉంది.

"త్వరగా కుట్టమ్మా, సభకు టైమవుతోంది."

"ఎలా కుట్టను బావగారూ? నేను లేను కదా!"

"లేకపోవడమేమిటి?"

"మీ పుస్తకం నూట నలభయ్యో పేజీ చూడండి. ప్రపంచమంతా ఫ్యాక్టరీ బట్టలు నిండిపోయి, ఈ ఊళ్ళో దర్జీ అన్నవాళ్ళే లేకుండా పోయారట."

"మూడు ఖండాల లెక్కలు చూసి రాశానమ్మా."

"మూడు ఖండాలు చూశారు, ఈ సందు చివరికి రాలేకపోయారా? ఇంతకీ ఈ కోటు కుట్టిందెవరు?"

"పరువు తియ్యకు తల్లీ. రెండో ముద్రణలో దిద్దుతాను."

"అయితే కోటు కూడా అప్పుడే ఇస్తాను. ఇవాళ్టికి బనీనుతో మాట్లాడండి, హాయిగా గాలాడుతుంది."

"సరే, ఆ పెన్నిటివ్వు... ఇదిగో, 'ఒక్కరు తప్ప' అని రాశాను. చాలా?"

"చాలు. ఊరంతటికీ ఒక్కరే మిగిలితే కూలి ఏమవుతుందో రెండొందల పదో పేజీలో మీరే రాశారు."

"అదీ చదివావా!"

"రెట్టింపవుతుందట. సూదిలో దారం ఎక్కించమంటారా?"