ఖాళీ అయిన సందర్శకుల పుస్తకం

బొలీవియాలోని ఒరూరోలో వాన పడుతున్న మధ్యాహ్నం, చిన్న గిటారులాంటి చరాంగో వాయిద్యాలు చేసే ముసలాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నా సైట్‌లో సందర్శకుల పుస్తకం ఖాళీగా ఉందేమిటి?"

"ఏం చేశారు మాస్టారూ?"

"పొద్దున కొత్త చరాంగో ఫోటో పెడదామని ఫోల్డర్ మొత్తం సర్వర్‌లోకి ఎక్కించాను."

"పాత ఫైళ్లు తీసేసి ఇవి పెట్టనా అని కంప్యూటర్ అడగలేదూ?"

"అడిగింది. అన్నిటికీ సరే అన్నాను. ఒక్కోదానికీ నొక్కుతూ కూర్చోమంటావా?"

"అయ్యో! జనం రాసిందంతా సర్వర్‌లోనే ఉండేది. మీ ఫోల్డర్‌లోది మొదటిరోజు ఖాళీ పుస్తకం. అది వెళ్లి దాని మీద పడింది."

"వెనక్కి తీయలేవా?"

"సైట్‌కి ఉచితంగా ఇచ్చిన చోటు మాస్టారూ, ఇచ్చినవాళ్లు నకళ్లు ఉంచరు. అంత ముఖ్యమైనవా?"

"పన్నెండేళ్లు మాటల్లేకుండా ఉన్నాక మా తమ్ముడు రాశాడందులో. 'అన్నా, నాన్న చరాంగో అమ్మేసింది నేనే. రమ్మంటే వస్తాను' అని."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. అచ్చం నాన్నదానిలాంటిదే చేసి, ఆ ఫోటో కింద రమ్మని రాద్దామనుకున్నాను. మూడు నెలలు పట్టింది."

"ఆయన ఈమెయిల్ ఉందా?"

"ఆ పుస్తకంలోనే ఉండేది."

"పోనీ, ఫోటో కింద ఇప్పుడే రాద్దాం. చూస్తారుగా."

"రోజూ చూస్తానని అందులోనే రాశాడమ్మా. ఈపాటికి చూసేసి ఉంటాడు. తన మాట నేనే తుడిచేశాననుకున్నాక, మళ్లీ ఎందుకు చూస్తాడు?"